చెవులు రిక్కించనక్కర్లేని వాన: నిద్ర కోసం ప్రకృతి ధ్వనుల కూర్పు

చీమ చిటుక్కుమన్నా మెలకువ వచ్చేస్తుందని కొందరు తమ నిద్ర గురించి చెప్పుకుంటారు. అదే మనుషులు, రాత్రంతా రేకుల కప్పు మీద వాన దంచికొడుతున్నా ఒళ్లు తెలియకుండా నిద్రపోతారు. డెసిబెళ్లలో కొలిస్తే ఈ రెండు శబ్దాలకూ పోలికే లేదు. అయినా నిద్ర చెడగొట్టేది చిన్నదే. నిద్ర పట్టించడానికి ప్రకృతి ధ్వనులను కూర్చే పని మొత్తం ఈ వింత మీదే నిలబడి ఉంది. శబ్దం ఎంత పెద్దదన్న దానికన్నా, అది ఉన్నట్టుండి ఎంత మారిందన్నదే నిద్రలోకి జారుతున్న చెవికి ముఖ్యం.

వాన, సముద్రం, సెలయేరు, రాత్రి అడవి వంటి రికార్డింగులు ఇప్పుడు గంటల నిడివితో ఫోన్లలో దొరుకుతున్నాయి. ప్రకృతిలోని శబ్దం ఏదైనా మనసుకు హాయినిస్తుందనీ, దాన్ని శుభ్రంగా రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపిస్తే సరిపోతుందనీ వీటిలో చాలావాటి వెనుక ఒక నమ్మకం కనిపిస్తుంది. అందులో సగమే నిజం. మెలకువగా కూర్చుని వినేవారి కోసం అడవిని రికార్డు చేసేటప్పుడు ఎక్కడో ఒక పక్షి కూయాలి, ఆకుల మధ్య ఏదో కదలాలి, దూరాన ఉరుము వినపడాలి. ఆ సంఘటనలే ఆ రికార్డింగుకు ప్రాణం. నిద్రపోవాలనుకునే మనిషికి మాత్రం అవే పక్కలో ముళ్లు. అందుకే ఈ పనిలో అందమైన ధ్వనులను చేర్చడం చిన్న భాగం. చెవి ఎదురుచూడటానికి వీలున్న ప్రతిదాన్నీ ఏరి తీసేయడం పెద్ద భాగం.

కంటికి రెప్పలున్నాయి, చెవికి లేవు. నిద్రలో కూడా శబ్ద తరంగాలు కర్ణభేరిని తాకుతూనే ఉంటాయి, లోపలి చెవిలోని కాక్లియా వాటిని నాడీ సంకేతాలుగా మారుస్తూనే ఉంటుంది, ఆ సంకేతాలు మెదడు కాండం దాకా చేరుతూనే ఉంటాయి. అక్కడి నుంచి పైకి వెళ్లే దారిలో థాలమస్ అనే భాగం కాపలా కాస్తూ, నిద్రలో చాలావాటిని పలచబరిచి పంపుతుంది. తేలిక నిద్రలో సెకనుకు సుమారు 11 నుంచి 16 సార్లు ఊగే స్లీప్ స్పిండిల్స్ అనే విద్యుత్ తరంగాలు ఈ కాపలాకు గుర్తు. 2010లో థియెన్ థాన్ డాంగ్-వూ బృందం ప్రచురించిన ప్రయోగంలో, నిశ్శబ్దంగా గడిచిన రాత్రి ఎవరి మెదడులో ఈ స్పిండిల్స్ ఎక్కువగా కనిపించాయో, తర్వాత శబ్దాలు వినిపించిన రాత్రుల్లో వారి నిద్ర అంత తేలిగ్గా చెదరలేదు. ఒకే గదిలో ఒకే చప్పుడుకు ఒకరు లేచి కూర్చుంటే పక్కనున్నవారు కదలకపోవడానికి అలవాటు ఒక్కటే కారణం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

కాపలా ఉందంటే ఎంపిక కూడా ఉన్నట్టే. 1960లో ఇయాన్ ఆస్వాల్డ్, ఆయన సహచరులు నిద్రపోతున్నవారికి పేర్ల జాబితా ఒకటి వినిపించారు. తమ పేరు వచ్చినప్పుడు వారి మెదడు తరంగాలు ఇతర పేర్లకన్నా స్పష్టంగా స్పందించాయి. అంటే నిద్రలో కూడా చెవిలో పడిన దాని అర్థాన్ని మెదడు కొంతమేర వడబోస్తూనే ఉంది. 2012లో ఆర్ఫ్యూ బక్స్‌టన్, ఆయన సహచరులు ఆసుపత్రి శబ్దాలను ఆరోగ్యవంతులకు నిద్రలో వినిపించి చూసినప్పుడు, అంతే బిగ్గరగా ఉన్న మిగతా శబ్దాలకన్నా ఫోను మోతలు, పరికరాల అలారాల వంటి ఎలక్ట్రానిక్ శబ్దాలే ఎక్కువగా నిద్ర చెదరగొట్టాయి. మనిషిని పిలవడానికి తయారు చేసిన శబ్దం నిద్రలోనూ పిలుస్తుంది. నిద్ర కోసం చేసే ధ్వని దీనికి సరిగ్గా తిరగేసిన వస్తువు కావాలి. అందులో ఏదీ ఎవరినీ పిలవకూడదు.

ఇలాంటి ధ్వని చేసే మొదటి పని బయటి చప్పుళ్లను కప్పేయడం. శబ్దశాస్త్రంలో దీన్ని మాస్కింగ్ అంటారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో 30 డెసిబెళ్ల నేపథ్యం ఉందనుకుంటే, ఎక్కడో తలుపు పడిన మోత 50 డెసిబెళ్లతో చెవిన పడినప్పుడు అది ఒక్కసారిగా 20 డెసిబెళ్ల ఎత్తు ఎగిరినట్టు. అదే గదిలో 42 డెసిబెళ్ల వాన నిలకడగా కురుస్తుంటే, ఆ తలుపు మోత నేపథ్యం మీద ఎనిమిది, తొమ్మిది డెసిబెళ్లే పైకి లేస్తుంది. తలుపు మోతలో ఏ మార్పూ లేదు, నేల మట్టం పెరిగింది, అంతే. ఉలికిపాటుకు మూలం ఆ ఎగురుడే కాబట్టి మట్టం పెంచడం పనిచేస్తుంది. అయితే ఆ మట్టాన్ని మరీ పెంచితే అదే కొత్త రొద అవుతుంది. ఈ పనిలో దిద్దుకోలేని పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి.

ఏ ధ్వని దేన్ని కప్పుతుందన్నది కూడా లెక్క ప్రకారమే నడుస్తుంది. చెవి ధ్వనిని పౌనఃపున్యాల (సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్క, హెర్ట్జ్‌లలో కొలుస్తారు) ప్రకారం ఇరుకైన పట్టీలుగా విడగొట్టి వింటుందని బెల్ ల్యాబొరేటరీస్‌లో హార్వీ ఫ్లెచర్ 1940 నాటికే చూపించారు. ఒక పట్టీలోని శబ్దాన్ని ఆ పట్టీలోనో, దానికి కొంచెం దిగువనో ఉన్న శబ్దమే బాగా కప్పగలదు. అందువల్ల సన్నగా ఝుమ్మనే కీచురాళ్ల పాట పక్కింటి మాటలను కప్పలేదు. మాటల్లోని బరువంతా కొన్ని వందల హెర్ట్జ్ నుంచి మూడు, నాలుగు వేల హెర్ట్జ్ దాకా పరచుకుని ఉంటుంది, కీచురాయి గొంతు నాలుగైదు వేల హెర్ట్జ్ దగ్గర ఒక సన్నని గీతలా నిలబడుతుంది. నిండుగా కురిసే వాన, జలపాతపు హోరు, చెట్లలో గాలి వంటివి వెడల్పుగా పరచుకునే ధ్వనులు కాబట్టే కప్పే పనిలో ముందుంటాయి. నిద్ర ధ్వనులన్నిటిలోకీ వానకు ఆదరణ ఎక్కువ కావడానికి దాని కవిత్వంతో పాటు ఈ భౌతిక గుణం కూడా కారణమే.

మరి వెడల్పు ధ్వనే కావాలంటే యంత్రం పుట్టించే వైట్ నాయిస్ చాలదా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. వైట్ నాయిస్‌లో ప్రతి హెర్ట్జ్‌కూ శక్తి సమానం. వినడానికి న్యాయంగానే తోస్తుంది గానీ, మనిషి వినే 20 నుంచి 20,000 హెర్ట్జ్ పరిధిలో పై సగం, అంటే 10,000 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఉన్నది, చెవి లెక్కలో ఒకే ఒక అష్టకం (పౌనఃపున్యం రెట్టింపయ్యే ఒక మెట్టు); ఆ ఒక్క అష్టకంలోనే మొత్తం శక్తిలో సగం పోగవుతుంది. అందుకే అది బుస్సుమని చెవిలో గుచ్చుకుంటుంది. పింక్ నాయిస్‌లో అష్టకం పెరిగే కొద్దీ 3 డెసిబెళ్లు, బ్రౌన్ నాయిస్‌లో 6 డెసిబెళ్లు చొప్పున ఒక్కో హెర్ట్జ్‌కు ఉండే శక్తి తగ్గుతూ పోతుంది. బ్రౌన్ అన్నది రంగు పేరు కాదు, రాబర్ట్ బ్రౌన్ పేరు మీదుగా వచ్చిన బ్రౌనియన్ చలనాన్ని సూచించే మాట. జోరువాన, జలపాతం వంటివి చాలావరకు ఈ పింక్, బ్రౌన్‌ల చుట్టుపక్కలే తిరుగుతాయి. కప్పడం వరకే చూస్తే, తగిన ఒంపుతో చేసిన యంత్ర ధ్వనికీ వానకూ పెద్ద తేడా ఉండదు.

తేడా వచ్చేది రెండో పనిలో, అంటే మెలకువగా ఉన్న మనసును నెమ్మదింపజేయడంలో. 2010లో యెస్పర్ అల్వార్సన్ బృందం మనుషులకు ముందుగా ఒత్తిడి కలిగించే లెక్కలు ఇచ్చి, తర్వాత కొంతసేపు ప్రకృతి ధ్వనులను, మరికొంతసేపు రోడ్డు రొద వంటివాటిని వినిపించి చూసింది. చర్మపు విద్యుత్ వాహకతతో కొలిచిన ఉద్రేకం ప్రకృతి ధ్వనుల సమయంలో త్వరగా తగ్గే ధోరణి కనిపించింది. 2017లో కాసాండ్రా గూల్డ్ వాన్ ప్రాగ్ బృందం మెదడు స్కానింగ్‌తో చేసిన అధ్యయనంలో, ప్రకృతి ధ్వనులు వింటున్నప్పుడు ధ్యాస బయటివైపు మళ్లినట్టు, కృత్రిమ ధ్వనులప్పుడు లోపలివైపు తిరిగినట్టు గుర్తులు కనిపించాయి. పడుకున్నాక గడిచిన రోజునూ రాబోయే రోజునూ నెమరువేసుకుంటూ దొర్లే మనిషికి ఈ రెండో విషయం చిన్నదేమీ కాదు. ధ్యాసను మెల్లగా బయటికి లాగి, అక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకనివ్వకపోవడమే నిద్ర ధ్వని చేయవలసిన మేలు. ఈ అధ్యయనాలు చిన్నవి, మెలకువగా ఉన్నవారి మీద చేసినవి. అల్వార్సన్ ప్రయోగంలోని ధ్వనిలో నీటి చప్పుడుతో పాటు పక్షుల కిలకిల కూడా ఉంది. సేదతీరడానికి పనికొచ్చిన పక్షి, నిద్ర పట్టాల్సిన వేళకూ పనికొస్తుందని దాన్నిబట్టి చెప్పలేం.

వానను చెవి వానగా ఎలా పోల్చుకుంటుందన్న ప్రశ్న కూర్పు చేసేవారికి చాలా పనికొస్తుంది. నీటి చప్పుడులో ఎక్కువ భాగం నీటిది కాదు, నీటిలో చిక్కుకున్న గాలి బుడగలది. బుడగ సైజును బట్టి దాని స్వరం మారుతుందని మార్సెల్ మిన్నార్ట్ 1933లో సూత్రం కట్టారు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బుడగ నీటిలో సుమారు 3,260 హెర్ట్జ్ దగ్గర మోగితే, మూడు మిల్లీమీటర్లది సుమారు 1,100 దగ్గర, ఒక సెంటీమీటరుది 326 దగ్గర మోగుతాయి. సెలయేటి గలగలలో వినిపించే ఆ చిన్న చిన్న స్వరాల తునకలు ఇవే. ఏటి ఒడ్డున ఒక రాయి పక్కన మైకు పెడితే ఆ రాయి దగ్గర పుట్టే పెద్ద బుడగలు ఒక్కొక్కటిగా 'గ్లుక్' మని వినిపిస్తాయి, నాలుగడుగులు వెనక్కి జరిపితే అవన్నీ కలిసిపోయి ఒకే పరుపులా మారతాయి. నిద్రకు కావలసింది ఆ నాలుగడుగుల వెనకటి ఏరు.

దీని వెనుక ఒక శాస్త్రీయ ఆధారమూ ఉంది. జాష్ మెక్‌డెర్మాట్, ఈరో సిమోన్‌చెల్లి 2011లో ప్రచురించిన పనిలో వాన, మంట, చప్పట్ల హోరు వంటివాటిని 'ధ్వని అల్లికలు' (సౌండ్ టెక్స్చర్స్) అనదగ్గ రీతిలో పరిశీలించారు. లెక్కలేనన్ని చిన్న సంఘటనలు కలిసిపోయిన ఇలాంటి ధ్వనిలో చెవి ఒక్కో చినుకునూ గుర్తుంచుకోదు. ప్రతి పట్టీలో శక్తి సగటున ఎంత, అది ఎంతగా ఊగుతోంది, పట్టీల ఊగిసలాటలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయి వంటి గణాంకాలను మాత్రమే పోగుచేసుకుంటుంది. ఆ గణాంకాలను కంప్యూటరుతో తిరిగి సృష్టిస్తే అసలు వాన లేకుండానే వాన వినిపించింది. నిద్ర కోసం చేసే కూర్పుకు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు: ధ్వని గణాంకంగా ఉన్నంతసేపు మనసు దాన్ని వదిలేస్తుంది, అందులోంచి ఒక్క చినుకు విడిగా బయటపడిన క్షణాన మళ్లీ పట్టుకుంటుంది.

విడిపడిన ఆ ఒక్క చినుకును దగ్గరగా చూడటం అవసరం. వరండా అంచున నిలబెట్టిన మైకుతో అర్ధరాత్రి గంటసేపు రికార్డు చేసిన జోరువాన ఒకటుందనుకుందాం. పగటిపూట హెడ్‌ఫోన్లలో వింటే అది నిండుగా, లోతుగా, నిజమైన వానలా ఉంటుంది. గదిలో దీపం ఆర్పి పడుకుని తక్కువ వాల్యూమ్‌లో పెట్టాక మూడో నిమిషానికి ఎడమవైపు నుంచి 'టప్' మంటుంది. కప్పు అంచు నుంచి ఒక ధార తెగి ఖాళీ డబ్బా మీదో, ఆకు మీదో పడుతున్న చుక్క అది. మళ్లీ ఆరు సెకన్లకు 'టప్'. తర్వాత నాలుగు సెకన్లకు. ఇక వాన వినపడటం మానేస్తుంది, తర్వాతి 'టప్' కోసం ఎదురుచూడటం మొదలవుతుంది. సమానమైన వ్యవధిలో పడితే చెవి కొంతసేపటికి దాన్ని వదిలేసేదేమో, ఎప్పుడు పడుతుందో తెలియకపోవడమే ప్రాణం తీస్తుంది. ఎడిటింగ్‌లో ఈ చుక్కలను ఒక్కొక్కటిగా పట్టుకుని, ఆ కొన్ని మిల్లీసెకన్ల మేర పక్కనున్న వానతో పూడ్చాలి. గంట రికార్డింగుకు పని చాలా గంటలు పడుతుంది, వినేవారికి ఆ కష్టం ఎప్పటికీ తెలియదు, తెలియకూడదు కూడా.

ప్రకృతి ధ్వనిని నిద్రకు తగినట్టు తిరగరాయాల్సి రావడం కొత్త సంగతి కాదు. 1960ల చివర్లో సముద్రపు ధ్వనిని గ్రామఫోను రికార్డుగా అమ్మాలనుకున్న అమెరికన్ ఇర్వ్ టైబెల్‌కు ఒడ్డున చేసిన రికార్డింగులేవీ తృప్తినివ్వలేదు. చివరికి ఐబీఎం 360 కంప్యూటరు సాయంతో ఆ ధ్వనిని మార్చుకున్నాకే అది ఆయనకు సముద్రంలా వినిపించింది. ఇందులో మోసమేమీ లేదు. ఒడ్డున నిలబడ్డ మనిషి కళ్లతో అలను చూస్తూ, ఒంటికి గాలి తగులుతూ వింటాడు. పడకగదిలో చెవి ఒక్కటే మిగులుతుంది కాబట్టి ధ్వని ఆ ఒక్క చెవికే సరిపోయేలా మారాలి.

ఏమి తీసేయాలన్న జాబితా ఒక్కో ధ్వనికి ఒక్కో రకంగా ఉంటుంది. మాటలు, కుక్క అరుపు, విమానం, దూరపు హారను గురించి చెప్పనక్కర్లేదు. పక్షులే చిక్కు. వాటి గొంతులు స్వరబద్ధంగా ఉంటాయి, ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగుతాయి, పైగా ఎక్కువగా తెల్లవారుజామునే కూస్తాయి. చీకటి గదిలో అవి వినిపించడమంటే పొద్దు పొడిచిందని చెవికి అబద్ధం చెప్పడమే. రాత్రి కీచురాళ్లు గుంపుగా, దూరంగా, ఎడతెగకుండా ఉన్నప్పుడు బాగుంటాయి. దగ్గరి పురుగు ఒక్కటి పాట ఆపి మళ్లీ అందుకుంటే ఆ నిశ్శబ్దమే పెద్ద శబ్దమవుతుంది. ఉరుము సంగతి అభిరుచి మీద ఆధారపడుతుందని చాలామంది అంటారు గానీ, నిద్ర కోసం చేసే కూర్పులో దాన్ని ఉంచడం తప్పనే చెప్పాలి. బిగ్గరవుతున్న ధ్వనిని, సన్నగిల్లుతున్న ధ్వనికన్నా చెవి పెద్దదిగా లెక్కగడుతుందని జాన్ న్యూహాఫ్ 1998లో చూపించారు. దగ్గరికి వస్తున్నదేదైనా ప్రమాదం కావచ్చన్న పాత జాగ్రత్త అది. ఉరుము ఆ జాగ్రత్తను ప్రతిసారీ తట్టి లేపుతుంది.

సముద్రపు అలకూ ఇదే ఇబ్బంది మెత్తని రూపంలో ఉంది. ప్రతి అలా పెరుగుతుంది, విరుగుతుంది, వెనక్కి జారుతుంది. పది సెకన్ల చుట్టుపక్కల వ్యవధితో, ఊపిరిలా సాగే ఆ లయ కొందరిని చాలా త్వరగా నిద్రలోకి దించుతుంది. కానీ విరిగే అలకూ తర్వాతి నిశ్శబ్దానికీ మధ్య తేడా ఎక్కువైతే ప్రతి పది సెకన్లకూ ఒక తలుపు మోత పడినట్టే. అందుకని కూర్పు చేసేవారు అలల పైభాగాన్ని అణచి, మధ్యలోని ఖాళీని దూరపు హోరుతో నింపి, ఊగిసలాటను ఆరేడు డెసిబెళ్ల లోపుకు తెస్తారు. మరీ చదును చేస్తే లయ పోయి ఒట్టి హోరే మిగులుతుంది. ఎక్కడ ఆగాలో చెప్పే సూత్రం లేదు, చీకట్లో పడుకుని వినడమే దారి.

పునరావృతం గురించి వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అసలు దెబ్బ చాలాసార్లు ఇక్కడే తగులుతుంది. రెండు, మూడు నిమిషాల ముక్కను లూప్‌గా తిప్పితే సరిపోతుందని, వానలో ఏ చినుకు ఎక్కడ పడిందో ఎవరికి గుర్తుంటుందని అనుకోవడం సహజం. చెవికి గుర్తుంటుంది. ఒకే నాయిస్ ముక్కను తిరిగి తిరిగి వినిపిస్తే మనుషులు ఆ తిరుగుడును పసిగడతారని గట్‌మన్, యూలెస్ 1963లోనే గమనించారు. 2010లో ట్రెవర్ ఆగస్, సైమన్ థార్ప్, డానియెల్ ప్రెస్నిట్జర్ చేసిన ప్రయోగాల్లో, ఏ అర్థమూ లేని నాయిస్ ముక్కను కొన్నిసార్లు వింటేనే అది జ్ఞాపకంలో నాటుకుపోయి వారాల తరబడి నిలిచింది. 2017లో తోమా ఆంద్రియోన్ బృందం మరో అడుగు ముందుకు వేసి, కలలొచ్చే నిద్రలోనూ తేలిక నిద్రలోనూ మెదడు ఇలాంటి ముక్కలను నేర్చుకోగలదని చూపించింది. కాబట్టి పొట్టి లూప్ ఒక రాత్రి దాటిపోవచ్చు, వారం గడిచేసరికి మాత్రం ఎక్కడ ఏమి వస్తుందో పడుకున్న మనిషికి తెలిసిపోతుంది. తెలిసినదాని కోసం చెవి ముందే సిద్ధమవుతుంది.

దీనికి పనివారు వాడే ఉపాయం పొరలు. దగ్గరి వాన ఏడు నిమిషాల ముక్క, దూరపు వాన పదకొండు నిమిషాల ముక్క, చెట్లలో గాలి పదమూడు నిమిషాల ముక్క అనుకుంటే, ఈ మూడు అంకెలకూ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి మూడూ ఒకేసారి మొదటికి రావడానికి 1,001 నిమిషాలు, అంటే 16 గంటల 41 నిమిషాలు పడుతుంది. ఏ రాత్రీ అంత పొడవుండదు. ఇక ఒక్కో పొరలో ముక్క చివరను మొదటికి అతికేచోట క్రాస్‌ఫేడ్ చేస్తారు. ఒకదాన్ని సరళరేఖలో తగ్గిస్తూ మరొకదాన్ని సరళరేఖలో పెంచితే, మధ్యలో రెండూ సగం సగం ఎత్తులో ఉన్నప్పుడు మొత్తం శక్తి సగానికి పడి, వానలో 3 డెసిబెళ్ల గుంట ఏర్పడుతుంది. పగలు ఎవరూ గమనించరు, రాత్రి అదొక ఊపిరి తప్పినట్టు వినపడుతుంది. రెండు ముక్కలూ మధ్యలో 0.707 ఎత్తులో కలిసేలా వంపు తిరిగిన ఫేడ్ వాడితే గుంట పూడుతుంది. ఆఖరున ఎంపీ3గా భద్రపరిస్తే మరో చిక్కు ఉంది: ఆ పద్ధతి ధ్వనిని 1,152 శాంపిళ్ల (ధ్వనిని అంకెలుగా కొలిచిన బిందువుల) చట్రాలుగా కోస్తూ మొదట్లోనూ చివర్లోనూ కొంత ఖాళీని చేరుస్తుంది కాబట్టి, జాగ్రత్త పడకపోతే ప్రతి తిరుగుడులోనూ కనురెప్పపాటు నిశ్శబ్దం దొర్లుతుంది. బిట్‌రేటు, అంటే సెకను ధ్వనికి కేటాయించే డేటా, బాగా తగ్గించినా వాన నీటి కింద మాట్లాడుతున్నట్టు ఊగుతుంది. స్వరాలకన్నా నాయిస్ వంటి ధ్వనులే కుదింపుకు త్వరగా లొంగని రకం.

వాల్యూమ్ విషయంలో చెవి స్వభావమే మోసగిస్తుంది. తక్కువ మట్టంలో చెవికి మంద్ర ధ్వనులు సరిగా వినపడవని 1933లో ఫ్లెచర్, మన్సన్ గీసిన వక్రరేఖలు చెప్పాయి. 1,000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెళ్ల ధ్వనితో సమానంగా వినపడాలంటే 100 హెర్ట్జ్ దగ్గర 60 డెసిబెళ్లు దాటాలి. స్టూడియోలో బిగ్గరగా వింటూ కూర్చిన సముద్రం గంభీరంగా ఉండి, పడకగదిలో మెల్లగా పెట్టేసరికి బుసబుసగా మిగిలిపోవడానికి కారణం ఇదే. ఆపై ఫోను స్పీకరు కొన్ని వందల హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు కాబట్టి ఉన్న మంద్రం కూడా పోతుంది. కూర్పును చివరిగా సరిచూడవలసింది వినేవారు పెట్టుకునే మట్టంలోనే, వారు వాడే చిన్న స్పీకరులోనే. ఖరీదైన స్టూడియో స్పీకర్ల మీద ముగిసిన పని సగం పనే.

మట్టం ఎంత ఉండాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు ఒక ఆధారం ఇస్తాయి: పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెళ్లు, విడి చప్పుళ్లు 45 డెసిబెళ్లు దాటకుండా ఉంటే మంచిదని అవి చెబుతాయి. మరి పైన చెప్పుకున్న 42 డెసిబెళ్ల వాన ఈ గీతను దాటుతోంది కదా అంటే, దాటుతోంది. బయట నిజంగా రొద ఉన్న చోట ఆ బేరం గిట్టుబాటవుతుంది, నిశ్శబ్దంగా ఉన్న గదిలో అవసరమే లేదు; అక్కడ వినీ వినపడనంత మెల్లగా ఉంటే చాలు. పసిపిల్లల దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. 1990లో అచ్చయిన ఒక ప్రయోగంలో వైట్ నాయిస్ వినిపించిన 20 మంది నవజాత శిశువుల్లో 16 మంది ఐదు నిమిషాల్లో నిద్రపోగా, వినిపించని 20 మందిలో అయిదుగురే నిద్రపోయారు. అది చూసి శబ్దం పెంచడం మొదలుపెడితే ప్రమాదం: 2014లో పిల్లల కోసం అమ్మే 14 నిద్ర యంత్రాలను పరీక్షిస్తే, పూర్తి వాల్యూమ్‌లో 30 సెంటీమీటర్ల దూరాన అన్నీ 50 డెసిబెళ్లు దాటాయి, మూడు 85 దాటాయి. యంత్రం తొట్టికి ఎంత దూరంగా, ఎంత మెల్లగా ఉంటే అంత మేలు.

ఎంతసేపు వినిపించాలన్నదానికి జవాబు ఆ ధ్వని ఏ పనికి వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి నిద్ర పట్టడానికి సాధారణంగా పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి, మనసు కుదుటపడటానికే అయితే ముప్పావు గంట చాలు. కానీ ముప్పావు గంట కాగానే ఠక్కున ఆగిపోతే ఆ నిశ్శబ్దం కూడా మార్పే, తేలిక నిద్రలో ఉన్నవారు లేస్తారు. చివరి పదిహేను, ఇరవై నిమిషాల్లో చెవి పట్టుకోలేనంత నెమ్మదిగా వాన వెలవాలి. ముందుగా పై పౌనఃపున్యాలు తగ్గి, వాన దూరం జరిగినట్టుండి, ఆ తర్వాత మొత్తం మట్టం దిగితే ఆ వెలవడం సహజంగా ఉంటుంది. నిజమైన వాన కూడా దూరమవుతున్నప్పుడు ముందు తన మెరుగునే పోగొట్టుకుంటుంది. బయటి రొదను కప్పడానికే అయితే తెల్లారేదాకా ఉండాల్సిందే, ఎందుకంటే తెల్లవారుజామున నిద్ర పలచబడుతుంది, అప్పుడే బయట చప్పుళ్లు మొదలవుతాయి.

ఇదంతా ఎంత పనిచేస్తుందన్న దగ్గర నిజాయితీ అవసరం. నిద్రకు నాయిస్ వాడకంపై వచ్చిన 38 అధ్యయనాలను 2021లో రీడీ, బాస్నర్ తదితరులు కలిపి చూసి, ఆధారాల నాణ్యత చాలా తక్కువగా ఉందనీ, నిరంతర శబ్దం నిద్రను చెడగొట్టే వీలు కూడా ఉందనీ తేల్చారు. పింక్ నాయిస్ గాఢ నిద్రను పెంచుతుందన్న ప్రచారానికి మూలం వేరే ప్రయోగాల్లో ఉంది. 2013లో ఎన్‌గో, బోర్న్, మోల్లే, 2017లో పాపలాంబ్రోస్ బృందం చేసిన పనిలో గాఢ నిద్రలో మెదడు మంద తరంగం లేచే సమయాన్ని యంత్రంతో పట్టుకుని, సరిగ్గా ఆ క్షణానికి చిన్న నాయిస్ తునకను వినిపించారు. రాత్రంతా పింక్ నాయిస్ పెట్టుకుని పడుకోవడానికీ దీనికీ పేరు తప్ప పోలిక లేదు, ఈ రెంటినీ కలిపి అమ్మడం వినేవారికి చేసే అన్యాయం. నెలల తరబడి నిద్ర పట్టనివారికి మొదటగా సూచించవలసింది నిద్రలేమికి చేసే ఆలోచనా-ప్రవర్తనా చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. వాన ధ్వని దాని పక్కన తోడుగా ఉండగలదు, దాని స్థానంలో నిలబడలేదు.

మంచి కూర్పును పరీక్షించడంలోనూ ఒక చిక్కు ఉంది. ఇది సరిగా పనిచేసిన మనిషికి దాని గురించి చెప్పడానికి ఏమీ గుర్తుండదు. అందుకని పరీక్షను రెండు ముక్కలు చేయడం మేలు. మొదటిది మెలకువగా: చీకటి గదిలో, పడుకుని, మెల్లని వాల్యూమ్‌లో మొత్తం నిడివి వింటూ, ధ్యాస ధ్వని మీదికి మళ్లిన ప్రతిసారీ చేతిలోని బటన్ నొక్కడం. ఐదారుగురు ఇలా విన్నాక ఆ నొక్కుళ్లను కాలం గీత మీద పేర్చి చూస్తే, చెల్లాచెదురుగా పడినవి వారి వారి ఆలోచనలవి, ఒకేచోట గుమిగూడినవి ధ్వనిలోనివి. రెండోది తెల్లారాక అడిగే ఒకే ప్రశ్న: వాన ఎప్పుడు ఆగింది? 'ఆగిందా?' అన్నవారి రాత్రి సవ్యంగా గడిచినట్టు. 'రెండు గంటల ప్రాంతంలో ఏదో కప్ప అరిచింది' అని ఒక్కరు చెప్పినా, ఎడిటర్ మళ్లీ ఆ పొర తెరిచి ఆ కప్పను వెతికి పట్టుకోవలసిందే.